స్ఫటికంలో వెంట్రుక

రామతులసికి ఒళ్లు మండిపోయింది. బీకరులో నెలల తరబడి కంటికి రెప్పలా కాచి పెంచిన స్ఫటికం, వెలుగు చిమ్మే స్ఫటికం, ఫొటోతో సహా పత్రికలో అచ్చయింది. కింద పేరు మాత్రం ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న సంజీవరావుది. ఆయనొక్కడిదే.

"నా పేరు లేదేంటండీ?" అని అడిగితే ఆయన బట్టతల నిమురుకుంటూ నవ్వాడు.

"అణువులు వాటంతటవే వరుస కట్టుకుంటాయమ్మా. నువ్వు చేసిందేవుంది? గిన్నెకి కాపలా కాశావు, అంతేగా!"

కాపలా! బెజవాడ ఎండల్లో కరెంటు పోయినప్పుడల్లా బీకరు చుట్టూ తడిగుడ్డలు కప్పిందెవరు? రోడ్డు మీద లారీ వెళ్తే అదురుతుందని బల్ల కాళ్ల కింద స్పాంజి పెట్టిందెవరు? ఈయనగారు ఏసీ గది దాటి వచ్చిన పాపాన పోలేదు. కాపలా అంటే ఏంటో చూపిస్తాననుకుంది.

ఇంతలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందనీ, ఇంకా పెద్ద స్ఫటికం కావాలనీ హుకుం జారీ అయింది. చిన్న పలుకునొకదాన్ని నైలాన్ దారంతో ద్రావణంలో వేలాడదీస్తే, దాని చుట్టూ స్ఫటికం పెరుగుతుంది. ఈసారి రామతులసి దారం ముట్టలేదు. తన జడలోంచి ఒక వెంట్రుక పీకి దాంతో కట్టింది. లోపల మచ్చ ఉంటే స్ఫటికం ఎందుకూ కొరగాదని ఆమెకు తెలుసు. చేజేతులా పాడు చేస్తున్నందుకు ఏడుపొచ్చింది. అయినా కట్టింది. పెరిగాక, పైకి కనబడే కొసల్ని కత్తిరించేసింది. స్ఫటికపు ముదురు తేనె రంగులో లోపలి వెంట్రుక కలిసిపోయింది.

కమిటీ వచ్చిన రోజు సంజీవరావు ఛాతీ విరుచుకున్నాడు.

"మొదట్నించీ నా చేతుల్తోనే పెంచానండీ. ఆ గదిలోకి ఈగని కూడా రానివ్వలేదు."

కమిటీ పెద్ద ఇందిరాదేవి స్ఫటికాన్ని యూవీ దీపం కింద పెట్టింది. అది పచ్చగా వెలిగింది. ఆ వెలుగు మధ్యలో సన్నటి నల్లగీత కనబడింది. ఆమె భూతద్దం తీసుకుని వంగి చూసింది.

"వెంట్రుకండీ ఇది!"

తలెత్తి సంజీవరావు నెత్తి వైపు చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అలవాటుగా బట్టతల మీదికి వెళ్లిన ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వెనక గోడ దగ్గరున్న రామతులసి జడ ముందుకు వేసుకుంది. కడుపు చల్లబడింది.

ఇందిరాదేవి ఆ జడనీ, ఆమె ముఖాన్నీ చూసింది. "మచ్చ లేకుండా ఇంకోటి పెంచగలవా అమ్మా?"

"పెంచుతానండీ. ముందు నా పేరు వెయ్యమనండి, అప్పుడు దారంతో కడతాను."