నేర్చుకునేవాళ్ల గాలి

గోదారి మీద ఇంకా రైలు వంతెన లేని రోజుల్లో, కొవ్వూరు రేవులో గంగరాజు పొద్దున్నే చేసే మొదటి పని గుంజకు కట్టిన గాలిని విప్పడం. పడవ నడపడం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అతను బూరుగుచెక్కతో ఓ దోనె చేశాడు. ఇద్దరాడవాళ్లు ఎత్తి గట్టున పెట్టేయొచ్చు, అంత తేలిక. దాని బుల్లి తెరచాప పెద్ద గోదారి గాలికి ఆగదు కనక ఈ పెంపుడు గాలిని ఉంచాడు. సాధువైన గాలి, రేవు దాటి నదిలోకి పోదు. ఖాళీగా ఉన్నప్పుడు గంగరాజు భార్య దాన్ని ఇంటికి తోలుకెళ్లి వడ్లు తూర్పారబట్టుకునేది.

ఆ ఏడు నేర్చుకోవడానికి వచ్చింది మంత్రసాని దీనమ్మ. కూతురు ప్రసన్నకుమారిని నది మధ్య లంకలో ఇచ్చింది. కూతురి తొలికాన్పునాడు రేవు పడవవాడు జనం నిండేదాకా కదలనన్నాడు. దీనమ్మ చేరేసరికి బిడ్డ దక్కలేదు. ఊరందరి బిడ్డల్నీ అందుకున్న చేతులు సొంత మనవణ్ణి అందుకోలేకపోయాయని ఆవిడ కుమిలిపోయింది. కూతురు మళ్లీ నీళ్లోసుకుందని తెలియగానే గంగరాజు దగ్గరికొచ్చి కూర్చుంది.

నేర్చుకోవడంలో మాత్రం మొండిఘటం. తెరచాప తాడు బిగబట్టేది, దోనె ఒరిగిపోయేది. కాన్పు మనిషిని కసిరినట్టు గాలిని కసిరేది.

"ఏంటమ్మా ఆ కేకలు! బెదిరిపోతుంది. తాడు కాస్త వదులు."

"వదిల్తే మునిగిపోనండీ? నాకు ఈత రాదు."

"ఆ మాట ఇప్పుడా చెప్పడం!" అని గంగరాజు ఆవిడ నడుముకి ఎండు సొరబుర్రలు కట్టాడు.

శ్రావణంలో ఓ మధ్యాహ్నం లంకలో గడకి ఎర్రచీర ఎగిరింది. నొప్పులు మొదలైనట్టు గుర్తు. గోదారి వరద మీదుంది, రేవు పడవ కట్టేశారు. దీనమ్మ దోనె ఎక్కింది.

"ఈ గాలి రేవు దాటదే దీనమ్మా!"

"నేనడుగుతానండి."

రేవు చివర గాలి ఆగిపోయింది. ఈసారి దీనమ్మ కసరలేదు. తాడు వదులు చేసి, "రా నాయనా, నా బిడ్డ దగ్గరికి రా," అని బతిమాలింది. తెరచాప నిండింది.

ఆవిడ కూతురి గుడిసెలో అడుగుపెట్టిన క్షణానే పిల్ల పుట్టింది. ఒళ్లంతా నీలం, ఊపిరి లేదు. తలకిందులుగా పట్టుకుంది, వీపు తట్టింది, ప్రభువుని పిలిచింది. కదల్లేదు. అప్పుడు వెనకాలే వచ్చిన గాలి, తడితడిగా, తడిక తోసుకుని లోపలికొచ్చి, పిల్ల చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కులోంచి లోపలికి వెళ్లిపోయింది. పిల్ల కేరుమంది. దీనమ్మ అక్కడే కూలబడి, ఇన్నాళ్ల దుఃఖమూ తీరేలా వెక్కి వెక్కి ఏడ్చింది.

వరద తీశాక తెడ్డు వేసుకుంటూ రేవుకొచ్చింది. తెరచాప వేలాడుతోంది.

"గాలి ఏదమ్మా?" అన్నాడు గంగరాజు.

"పిల్ల దగ్గరుండిపోయిందండి."

గంగరాజు లంక వైపు చూశాడు.

"పాలు తాగుతోందా?"

"ఆగకుండా తాగుతోందండి."

"మరింకేం," అని అతను తెరచాప విప్పి మడత పెట్టాడు.