వీపు మీది పేర్లు

ఆ జట్టుకు పదిహేను జెర్సీలు ఉండేవి. నాలుగు సీజన్లలో వాటిని ఎంతమంది తొడుక్కున్నారో కాలేజీ వాళ్లకు తెలుసో లేదో గానీ నాకు తెలుసు. వీపు మీద పేర్లు కుట్టిందీ నేనే, విప్పిందీ నేనే.

మా ఆయన భూమేష్ రియాద్‌లో ఒక ఐస్ రింక్‌లో టెక్నీషియన్. బయట ఎండకు చెప్పులు మెత్తబడుతుంటే, లోపల నేలంతా మంచు పరిచి ఉండేది. ఆ మంచు కరగకుండా కింది గదిలో మిషన్లు చూసుకోవడం, ఆట మధ్యలో ఆపినప్పుడు ఒక పెద్ద బండి తోలి గీతలు పడ్డ మంచును మళ్లీ నున్నగా చేయడం ఆయన పని. ఈ సంగతి ఆర్మూర్ దగ్గర మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. మా అత్తయితే ఫోన్‌లో, "ఎడారిల మంచేందిరా? ఏమన్న తాగి మాట్లాడుతున్నవా?" అని అడిగింది.

2015 చలికాలంలో ఒక ప్రైవేటు కాలేజీ పిల్లలు ఆ రింకులో ఐస్ హాకీ జట్టు పెట్టారు. అక్కడే పుట్టి పెరిగిన మనవాళ్ల పిల్లలు, పాకిస్తానీలు, లెబనాన్ వాళ్లు, నలుగురు సౌదీ పిల్లలు. మలాజ్ పేటలో దర్జీ పేర్లు వంకరగా కుట్టాడని కోచ్ తిట్టుకుంటుంటే, మా ఆయన "మా ఇంటామె మంచిగ కుడ్తది సార్" అని ఒప్పుకొని సంచి నిండా జెర్సీలు మోసుకొచ్చాడు. నాకు ఇంటర్ మధ్యలో పెళ్లయి చదువు ఆగిపోయింది కానీ మిషన్ కుట్టడం ముందే వచ్చు. మా పాప ఉజ్వలకు అప్పుడు ఏడు నెలలు. దాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకునే తెల్ల పట్టీల మీద అచ్చేసిన పేర్లను జెర్సీల వెనక కుట్టాను. రెండు వరుసలు, గట్టిగా.

ఆడవాళ్లు ఆటలు చూడటానికి వెళ్లే రోజులు కావవి. అందుకని ఆ పిల్లలను నేను చూడలేదు, వాళ్ల చొక్కాలనే చూశాను. ప్రతి ఆట తర్వాత చిరిగినవి మా ఇంటికి వచ్చేవి. దావూద్ జెర్సీ ఎప్పుడూ ఎడమ మోచేతి దగ్గరే చిరిగేది, అంటే ఎడమ వైపే పడతాడన్నమాట. ఉదయ్‌కిరణ్ అనే పిల్లవాడి కాలరు నమిలి నమిలి పీచు లేచి ఉండేది. నెత్తురు మరక కనబడితే కుట్టడం ఆపి ఆయన్ను అడిగేదాన్ని.

"ఎవల్దీ నెత్తురు? ఎక్కడ తగిలింది? తల్లికి తెలుసా?"

"ముక్కుల కెల్లి కారింది గంతే. నువ్వు వాళ్లందరికి తల్లివైతే ఎట్లనే స్వర్ణా? ఒక్క పిల్లకే రాత్రంత నిద్ర పోతలేవు" అని నవ్వేవాడు.

ఆ ఏడాది ఆరు ఆటల్లో ఒక్కటే గెలిచారు.

రెండో ఏడు రెండో స్థానంలోకి వచ్చారు. అదంతా మహబూబ్ వల్లనే అనేవాడు మా ఆయన. మహబూబ్ గోల్‌కీపర్. మా కింది అంతస్తులో ఉండే మేరాజ్ బేగం కొడుకు, వాళ్లది నిజామాబాద్. ఆమె మాతో తెలుగే మాట్లాడేది. కొడుకు ఆడే రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి కూర్చునేది, ఇద్దరం ఏమీ చూడకుండానే భయపడేవాళ్లం. మా ఆయన రింకు నుంచి ఫోన్ చేసి "ఆపిండు" అంటే ఆమె నా చెయ్యి పట్టుకొని నొక్కేది.

2017 ఎండాకాలంలో కొత్త రుసుము వచ్చింది. ఇకామాలో, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్‌లో, చేరిన పెళ్లాం పిల్లలకు తలకింత అని నెలనెలా లెక్కగట్టి, ఏడాదిది ఒక్కసారే కట్టాలి. ఏటేటా పెరుగుతుందని కూడా అప్పుడే చెప్పేశారు. మేరాజ్ బేగం ఇంట్లో అలాంటి తలలు ఐదు. అక్టోబర్‌లో ఆమె పిల్లలతో సహా మళ్లీ రాకుండా ఊరికి పోయే ఎగ్జిట్ వీసా కొట్టించుకుంది. ఒక్క మగమనిషి, మేరాజ్ భర్త, బ్యాచిలర్ల గదిలోకి మారాడు.

వెళ్లే ముందు రోజు ఆమె పైకి వచ్చింది.

"స్వర్ణా, జెర్సీ కాలేజోళ్లది, ఇయ్యరట. పోరడు పేరన్న తీసుకపోత అంటుండు. ఇప్పియ్యవా?"

కొత్తగా వచ్చే కీపర్‌కు అదే జెర్సీ కావాలి, పేరు ఎలాగూ తీయాల్సిందే. కానీ నేను రెండు వరుసలు కుట్టి, అది ఊడకూడదని మధ్య కూడా పోగులు పోశాను. బ్లేడుతో ఒక్కొక్క పోగూ తెంపుతుంటే మేరాజ్ బేగం పక్కనే కూర్చొని చూస్తోంది. ఆమె ఏడుస్తోందని తలెత్తాను, బ్లేడు జారింది. జెర్సీ వీపు మీద జానెడు చిరిగిపోయింది.

"ఇంత గట్టిగ ఎందుకు కుట్టినవమ్మా" అంది ఆమె. కోపంగా కాదు.

ఉన్న ఒక్క కీపర్ జెర్సీ చిరిగిందని కోచ్ మా ఆయనను అందరి ముందూ అన్నాడు. అప్పటి నుంచి నేను పేర్లను కచ్చాగా కుట్టడం మొదలుపెట్టాను. బట్ట కొలత చూసేటప్పుడు దర్జీలు వేస్తారే, పొడుగు పొడుగు కుట్లు, ఒక్క కొస పట్టి లాగితే మొత్తం వచ్చేసేవి, అలా. పైకి చూస్తే తేడా తెలియదు. ఆ మూడో సీజన్‌లో తొమ్మిది పేర్లు మారాయి. ఒకడి తండ్రి పనిచేసే దుకాణంలో సౌదీలనే పెట్టుకోవాలన్నారు, ఒకడి చెల్లెళ్లకు రుసుము కట్టలేకపోయారు. అడిగినవాళ్లకు పట్టీ ఇచ్చేదాన్ని. అడగనివాళ్ల పట్టీలు ఖర్జూరపు బిస్కెట్ల డబ్బాలో వేసేదాన్ని. ఉజ్వల అవి నేల మీద పరుచుకొని అక్షరాలు నేర్చుకుంది. దాని మొదటి 'ఎం' మహబూబ్ తర్వాత వచ్చి నాలుగు నెలల్లో వెళ్లిపోయిన ఒక మునీర్‌ది.

జట్టు ఆ ఏడాది ఆఖరున నిలిచింది. ఒకరి పేరు ఒకరికి తెలిసేలోపు మారిపోతుంటే ఏం ఆడతారు?

నాలుగో సీజన్ నాటికి నాదీ ఉజ్వలదీ రుసుము రెండింతలైంది. మా ఆయన కట్టాడు. ఓవర్‌టైం అడిగి చేస్తున్నాడని మంచు తడి ఆరని ఆయన బూట్లు చూస్తే తెలిసేది. మొదటి ఏడాది పిల్లల్లో దావూద్, ఉదయ్‌కిరణ్ ఇద్దరే మిగిలారు. అయినా ఏం విచిత్రమో, ఆ ఏడు జట్టు గెలుస్తూ పోయింది. ఫైనల్‌కు వచ్చింది.

ఫైనల్‌కు వారం ముందు మా ఆయన అన్నం ముందు కూర్చొని కలపకుండా చెప్పాడు.

"కప్పు కొడితే కాలేజోళ్లు ఇంకో రెండేండ్లు రింకు కిరాయికి తీసుకుంటరట. లేకపోతే ఇడిసిపెడ్తరు. ఇడిసిపెడితే నన్ను గా సముద్రం ఒడ్డుకు, యాన్బు తోలుతరు."

"తోలితే మేము గూడ వస్తం."

"ఆడ క్యాంపే స్వర్ణా. ఫ్యాక్టరీల కూలింగ్ పని. రూముకు ఆరుగురు. ఫ్యామిలీ ఉండనియ్యరు."

ఉజ్వల ఆయన పళ్లెంలోంచి పప్పు వేలితో తీసుకొని నాకుతోంది. వచ్చే జూన్‌లో బడిలో వేయాలి దాన్ని. పొద్దున ఆయన డ్యూటీ నుంచి వస్తే, చల్లటి చేతులు దాని మెడకు ఆనించేవాడు, అది కేరింతలు కొట్టేది. ఊరికి పోతే ఆ చేతుల చల్లదనం రెండేళ్లకోసారి.

మరునాడే జెర్సీలన్నీ తెప్పించుకున్నాను. ఫైనల్ కదా, కచ్చా కుట్లన్నీ తీసేసి గట్టిగా మిషన్ వేద్దామనుకున్నాను. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది చేతిలో ఉండగా ఫోన్ మోగింది. ఉదయ్‌కిరణ్. వాళ్లది కాకినాడ. నాన్న కృష్ణమూర్తిగారు ఇంజనీరు. మా ఆయన ఫోన్ నుంచి నా నంబరు తీసుకొని ఎప్పుడైనా "అక్కా, కాలరు మళ్లీ నమిలేశానండి" అని చేసేవాడు. ఈసారి గొంతు చిన్నగా ఉంది.

"అక్కా, పేర్లన్నీ గట్టిగా వేసేస్తున్నారటగా. నాదొక్కటీ అలాగే వదిలెయ్యండి, ప్లీజ్."

"ఎందుకు తమ్మీ?"

"మా నాన్నగారి కంపెనీ గవర్నమెంటు లెక్కలో రెడ్‌లో పడిపోయిందండి. సౌదీలు సరిపడా లేరని ఇకామాలు రెన్యూ చెయ్యట్లేదు. ఫైనల్ అయిన మూడో రోజే మా ఫ్లైట్. మ్యాచ్ అవగానే లాగేసి పట్టుకెళ్లిపోతాను. గట్టిగా కుడితే మళ్లీ చిరిగిపోద్ది, మహబూబ్‌ది చిరిగిందిగా."

"కోచ్‌కి చెప్పినవా?"

"చెబితే ఇప్పట్నుంచే నా చోట్లో ఇంకొకణ్ని ఆడిస్తాడక్కా. దావూద్‌కి కూడా చెప్పలేదు. మీరూ చెప్పకండి, భూమేష్ గారికి కూడా."

చెప్పలేదు. అతని జెర్సీని మడత పెట్టి పక్కన పెట్టాను. మిగతా పద్నాలుగూ గట్టిగా కుట్టాను.

అప్పటికి ఫ్యామిలీలను ఆటలకు రానిస్తున్నారు. నాలుగేళ్లలో మొదటిసారి నేను రింకు లోపలికి వెళ్లాను. ఉజ్వలకు రెండు స్వెట్టర్లు, మంకీ టోపీ, దాని మీద నా చున్నీ చుట్టి తీసుకెళ్లాను. పక్కన కూర్చున్న ఫిలిప్పీన్ ఆమె నవ్వింది. చలి ముక్కులోకి మేకులా దిగింది. ఇంత చలిలోనా మా ఆయన రోజూ ఉండేది అనుకున్నాను.

పిల్లల మొహాలు హెల్మెట్ల వెనక ఉన్నాయి. ఉజ్వల మెట్ల మీద నిలబడి వీపులు చదువుతోంది. నాకు చదవాల్సిన పని లేదు. పడితే ఎడమవైపు పడ్డవాడు దావూద్. బెంచీ మీద కూర్చొని హెల్మెట్ పైకెత్తి కాలరు నోట్లో పెట్టుకున్నవాడు ఉదయ్‌కిరణ్. బక్కగా ఉన్నాడు. నేను పెద్దవాడనుకున్నాను.

ఆటంటే ఒక నల్ల రబ్బరు బిళ్ల. దాన్ని కర్రలతో కొట్టుకుంటూ అవతలి గూట్లో వేయాలి. రెండు జట్లూ చెరి రెండు వేశాయి. ఇంకా రెండు నిమిషాలు ఉందనగా జెద్దా నుంచి వచ్చిన జట్టువాడు ఉదయ్‌కిరణ్‌ను గోడకేసి గుద్దాడు. లేచాడు. పేరు పట్టీ ఒక కొస ఊడి భుజం కింద వేలాడుతోంది. నేను లేచి నిలబడ్డాను. అరిచాననే అనుకుంటా, కానీ అందరూ అరుస్తున్నారు.

బిళ్ల అతనికే చిక్కింది. పక్కనే దావూద్ దూసుకొస్తున్నాడు, అతని ముందు కీపర్ తప్ప ఒక్కడూ లేడు. ఉదయ్‌కిరణ్ ఒంటిని మెలితిప్పి బిళ్లను దావూద్‌కు ఇచ్చాడు. ఆ మెలికలో పట్టీ పూర్తిగా ఊడి మంచు మీద పడింది. దావూద్ ఎడమ కాలి బ్లేడు దాని మీదికి ఎక్కింది. గుడ్డ మీద బ్లేడు జారదు, ఆగిపోతుంది. దావూద్ ముందుకు బోర్లా పడ్డాడు. బిళ్ల అవతలివాళ్లకు పోయింది. మావాళ్లు వెనక్కి తిరిగేలోపు మా గూట్లో పడింది.

"అమ్మా, గెలిచినమా?" అంది ఉజ్వల.

పడకపోతే దావూద్ వేసేవాడో, కీపర్ ఆపేవాడో. ఆ మాట నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అనుకున్నా లాభం లేకపోయింది.

అందరూ వెళ్లాక మా ఆయన బండి తీసుకొచ్చాడు. సగం దూరం వచ్చి ఆపాడు, దిగాడు. మంచుకు అతుక్కుపోయిన గుడ్డముక్కను గోటితో గీకి తీశాడు. మళ్లీ రెండడుగులు వేసి ఇంకో ముక్క తీశాడు. బ్లేడు దాన్ని రెండు చేసింది. పైకి, నా వైపు చూశాడు. అంత దూరంలో మొహం కనబడలేదు.

తెల్లారి ఆ రెండు ముక్కలను మిషన్ బల్ల మీద పెట్టాడు.

"అందరివి ఉన్నయి. గీ ఒక్కటే ఎట్ల ఊడింది?"

చెప్పాను. అంతా విన్నాడు. టీ చల్లారిపోయింది.

"వాడు పోతుండని నీకు ముందుగాల్నే ఎరికేనా?"

"ఎరికే."

"మరి మనం పోవద్దంటే ఆ ఆట గెల్వాల్నని ఎరికేనా?"

"అది గూడ ఎరికే." "పిల్లగాడు అడిగిండు. మేరాజ్ అక్క అప్పుడు ఎట్ల ఏడ్చిందో నువ్వు చూడలే."

ఆయన లేచి వెళ్లి ఉజ్వల పక్కన పడుకున్నాడు. చేతులు దాని మెడకు ఆనించలేదు, దుప్పటి కింద పెట్టుకున్నాడు.

సాయంత్రం ఉదయ్‌కిరణ్ వచ్చాడు. వాళ్లమ్మ కామేశ్వరిగారు పంపారని పూతరేకుల పొట్లం తెచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు. రెండు ముక్కలూ కలిపి వెనక గుడ్డ వేసి కుట్టి ఇచ్చాను. దాన్ని చూసి జేబులో పెట్టుకున్నాడు.

"దావూద్‌కి చెప్పేశానక్కా, ఊడేలా ఉంచమన్నది నేనేనని. మాట్లాడట్లేదు."

"మాట్లాడుతడు లే."

"ఎప్పుడండీ? ఎల్లుండి నేనుండను కదా."

మా ఆయన లోపలి నుంచి వచ్చాడు. ఆ పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, "పో బిడ్డా, మంచిగ చదువుకో" అన్నాడు, అంతే.

నెల తిరక్కుండా కాలేజీ వాళ్లు రింకు వదులుకున్నారు. జట్టు లేదు. జెర్సీలు ఎటు పోయాయో తెలియదు. నాకూ ఉజ్వలకూ ఎగ్జిట్ పడింది, ఆయనకు యాన్బు కాగితం వచ్చింది. మిషన్‌ను పై అంతస్తులోకి కొత్తగా వచ్చిన వాళ్లకు ఇస్తామన్నాం, పొద్దున వచ్చి తీసుకెళ్తామన్నారు.

యాన్బు కంపెనీ వాళ్లు రెండు జతల నీలం డ్రెస్సులు, రెండు పేరు పట్టీలు ఇచ్చారు. జేబు మీద కుట్టాలి. పెట్టెలు సర్దడం ఆపి మిషన్ ముందు కూర్చున్నాను. ఉజ్వల పట్టీని ఒళ్లో పెట్టుకొని వేలితో అక్షరాలు చూపిస్తూ చదివింది. బి, హెచ్, యు. దాని దగ్గరి నుంచి తీసుకొని సూది కింద పెట్టాను. చుట్టూ ఒక వరుస వేశాను, రెండో వరుస వేశాను. మూడోది మొదలుపెట్టాను.

"రెండేండ్ల కాంట్రాక్టే, గంత గట్టిగ దేనికే?" అన్నాడు ఆయన, పెట్టెకు తాడు కడుతూ. "రేపు ఇప్పాల్నంటే బట్ట చినుగుతది."

నేను పెడల్ మీద నుంచి కాలు తీయలేదు. దారం అయిపోయేదాకా కుట్టాను.