విత్తనప్పండు

నాంపల్లి దగ్గర ఒక దవాఖానలో ఆయాగా చేసే మేరమ్మకు, అక్కడి ఇటలీ సిస్టరమ్మ తన దేశానికి పోతూ పోతూ టమాట గింజలు ఇచ్చి పోయింది. కాయ మిరపకాయలా పొడుగు, లోపలంతా గుజ్జే, గింజలు తక్కువ. గన్‌ఫౌండ్రీలో తాను కిరాయికుండే ఇంటి మిద్దె మీద, డాల్డా డబ్బాల్లో పెంచింది. అరవై మూడో సంవత్సరపు ఎండలకు అన్నీ మాడిపోయి ఒక్క చెట్టు మిగిలింది. దానికి ఒక్క పండు. విత్తనానికని తొడిమకు గుడ్డపేలిక కట్టి, బాగా మెత్తబడేదాకా కాచుకుంది. అది పోతే ఆ జాతే పోయినట్టు.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే పేలిక కింద పడి ఉంది. పండు లేదు.

మేరమ్మ గబగబా మెట్లు దిగింది. ఇంటి యజమానురాలు కిష్టవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నిప్పుల మీద పండు. ఒక పక్క తోలు నల్లబడి చిట్లుతోంది.

"అక్కా! గది విత్తనప్పండు!"

"అయ్యో, పేలిక గడితె దిష్టికనుకున్ననే! మా విద్యావతి ఇన్ని దినాలసంది మెతుకు ముడితే ఒట్టు. నీళ్లు తాగినా కక్కుతున్నది. మొన్న నువ్వు చేసిన టమాట ఎల్లిపాయ తొక్కే కావాల్నంటది. కడుపుతోనున్న కోడలు అడిగితె లేదంటనా?"

గోడకు ఆనుకుని విద్యావతి చూస్తోంది. పెదవులు ఎండి తెల్లబారాయి. ఆ నోటి ముందు నుంచి లాక్కోవడం ఎలా? ఇంకాస్త ఆగితే గింజ ఉడికిపోతుంది.

మేరమ్మ పొయ్యిలో చెయ్యి పెట్టింది.

"చెయ్యి గాలుతది! పిచ్చా నీకు?"

పండును పళ్లెంలో పడేసి చీల్చింది. కాలిన వైపు పొగలు కక్కుతోంది. అవతలి వైపుకు ఇంకా వేడి తగల్లేదు. ఆ పక్క గింజలు మాత్రం గోటితో గీకి చల్లటి బూడిదలో పొర్లించింది. గుజ్జంతా కిష్టవ్వ ముందుకు తోసింది.

"ఎల్లిపాయ ఏసి నూరు. నూనె జర ఎక్కువ పొయ్యి."

విద్యావతి రెండు ముద్దలు తిన్నది. ఇద్దరూ ఆమె ముఖమే చూశారు. కక్కలేదు.

గింజలు ఆరాక మేరమ్మ తడిగుడ్డలో చుట్టింది. రోజూ పొద్దున బొబ్బలెక్కిన వేళ్లతో విప్పడం, చూడటం, మళ్లీ మూయడం. కిష్టవ్వ కూడా మెట్లెక్కి వచ్చి పక్కన నిలబడేది.

ఒక పొద్దున మేరమ్మ గుడ్డ విప్పి కదలకుండా ఉండిపోయింది.

"ఏందే, గింజలు సచ్చినయా?"

మేరమ్మ అరచేయి చాపింది. ఒక గింజకు సూదిమొనంత తెల్లటి మొలక.

కిష్టవ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మా కోడలికి చెప్పకు. గిప్పుడే తొక్కు నూరమంటది."