డెల్మార్ గాడి ఎర్ర తూటాలు

మా తమ్ముడు డెల్మార్‌కి మెరుపంటే పిచ్చి. వాడి పికప్ ట్రక్కు మెరవాలి, బూట్లు మెరవాలి, చివరికి తూటాలూ మెరవాలి.

చూపు పోయాక మా నాన్న ఆన్సెల్, తన పాత రైఫిల్ ఎవరికివ్వాలో తేల్చడానికి మా ఇద్దరికీ పందెం పెట్టాడు. ఎవరి తూటాలు వాళ్ళే తయారుచేసుకోవాలి, లోయ అవతల వేలాడే ఇనప పళ్ళేన్ని మోగించాలి. తీర్పు ఆయన చెవులది. డెల్మార్‌కి దక్కితే ఆ రైఫిల్ వాడి హాల్లో గోడకెక్కుతుంది. నా మొదటి జింకను కొట్టిన తుపాకీ అది! నా కంఠంలో ప్రాణముండగా దాన్ని మేకుకు తగిలించనిస్తానా?

శనివారం మా గ్యారేజీలోనే ఇద్దరం, తుపాకీ గొట్టానికి సీసం అంటకుండా, సీసం గుండ్లకు రంగుపొడి పట్టించాం. ఖాళీ జున్ను డబ్బాలో గుండ్లూ పొడీ వేసి గట్టిగా ఊపితే పొడి అంటుకుంటుంది. ఆపైన పాత టోస్టర్ అవెన్‌లో కాలిస్తే కరిగి తొడుగులా పడుతుంది. సీసం కాలిన ఆ అవెన్ ఇక మా వంటింటి గడప తొక్కదు.

నావి ఆకుపచ్చగా, మచ్చలు మచ్చలుగా వచ్చాయి. వాడు ఎర్రపొడి రెండు పూతలేశాడు.

"అక్కా, నీ గుండ్లకేమన్నా గజ్జి పట్టిందా?"

"నా సంగతి సరే. నీవి లావెక్కాయి, కొలత అచ్చులోంచి దూర్చు."

"దూరిస్తే గీతలు పడతాయే. మెరుపు పోదూ!"

"నీ ఖర్మ."

నావి మాత్రం ఒక్కొక్కటీ అచ్చులోంచి నెట్టాకే మందు కూరి తూటాలు కట్టాను.

ఆదివారం నాన్న గుట్ట మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మా చిన్నప్పటినుంచీ ఆయన నియమం ఒకటే: తూటాను తుపాకీలోకి వేలితో తోయకూడదు. వదిలితే అదే జారి ఠక్‌మనాలి.

ముందు డెల్మార్ వదిలాడు. చప్పుడు లేదు. ఎర్ర తూటా సగంలో ఆగింది. వాడు నెమ్మదిగా నొక్కబోయాడు.

"డెల్మార్, బొటనవేలు తియ్యి," అన్నాడు నాన్న.

"కాస్త బిగుతు, అంతే నాన్నా. ఎంత బాగా మెరుస్తోందో!"

"నాకు రంగు కనిపిస్తుందట్రా సన్నాసీ? చప్పుడేదీ?"

అయినా నొక్కాడు, ఇరుక్కుంది. పందెం సంగతే మరిచిపోయాను, తుపాకీ పాడైపోతుందేమోనని ఒకటే భయం. నాన్నే చేత్తో తడిమి, అంచు పట్టుకుని మెల్లగా బయటికి లాగాడు.

నా మచ్చల తూటా వదిలాను. ఠక్. కాల్చాను. అవతల పళ్ళెం ఖంగుమంది.

"గుడ్డిదెబ్బ తగిలిందిలే," అన్నాడు డెల్మార్.

మళ్ళీ ఠక్, మళ్ళీ ఖంగు. వాడు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఇంకొకటుందా అమ్మాయ్?" అని నాన్న చెయ్యి చాపాడు. తుపాకీ, తూటా ఆయన చేతుల్లో పెట్టాను. తూటాను తనే వదిలి, ఠక్‌మన్నాక మూసి, నా వైపు చాపాడు.

"ఇక ఇది నీది. కొట్టు, వింటాను."

కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ మాత్రానికే గురి తప్పితే నేను ఆన్సెల్ కూతురినెలా అవుతాను? కొట్టాను. నాన్న నవ్వాడు.