బట్ట కోసం తెరిచిన కిటికీ

అతని పెళ్ళాన్ని మింగింది అద్దకం కార్ఖానాలోని రంగుల గది. అందులో అనుమానం లేదు. దుమ్ము పడి బట్ట పాడవుతుందని యజమాని ఆ గదికున్న ఒక్క కిటికీనీ ఇటుకలతో మూయించాడు. ఏళ్ళ తరబడి ఆ ఆవిరే, ఆ రంగుల ఘాటే పీల్చి ఆమె పోయింది. ఇప్పుడు అదే రంగు తొట్టి దగ్గర కూతురు నిలబడుతోంది. ఈమధ్య ఆ పిల్లకీ దగ్గు పట్టుకుంది.

ఆ ఉదయం అతను కిటికీ తెరిపించమని అడగడానికొచ్చి, యజమాని గది ముందు కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బావమరిది వచ్చి భుజం పట్టుకుని ఆపాడు. కార్ఖానాకి మేస్త్రీ వాడే. మాటకారి.

"బావా, లోపలికెళ్ళాక అక్క పేరెత్తకు."

"ఎందుకెత్తకూడదు? చంపాడు కదరా!"

"అలా అన్నావనుకో, కిటికీ పెడితే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుంది. ఇక చచ్చినా పెట్టడు. నీకు కిటికీ కావాలా, ఆయన చేత ముక్కు నేలకి రాయించాలా?"

"రెండూ."

"రెండూ రావు. ఆయనకి నొప్పెక్కడో అక్కడే చెయ్యి వెయ్యాలి. బట్ట సంగతి నేను చెప్తాను, నువ్వు అవునను. నా మాట ఆయన సగమే నమ్ముతాడు. నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ తియ్యగా మాట్లాడలేదు. అందుకే నీ మాటకి బరువు."

"నీకు దేవుడు నాలుక బదులు గరిటె పెట్టాడురా. ఏ గిన్నెలోనైనా తిరుగుతుంది."

లోపల బావమరిది రెండు గుడ్డముక్కలు బల్ల మీద పరిచాడు. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాని నిండా వెలిసిన చుక్కలు.

"ఇది వాకిలి పక్కన ఆరిందండీ. ఇది గది మధ్యలోది. ఆవిరికి పోయే దారి లేక పైరేకుకి పట్టి, నీళ్ళై బట్ట మీద కారుతోంది. దుమ్మయితే దులుపుకుంటాం. ఈ మచ్చ పోదు."

యజమాని ముక్కని వెలుతురుకి పట్టి చూశాడు. మొహం మాడిపోయింది. మనిషి పోయిన రోజు మాడని మొహం.

"వీడు ఎవర్నయినా నమ్మించేస్తాడు. నువ్వు చెప్పు పెద్దాయనా, నిజమేనా?"

పెళ్ళాం పేరు అతని నాలుక చివరిదాకా వచ్చింది. గోడ అవతల కూతురు దగ్గుతోంది.

"నిజమే. బట్ట పాడవుతోంది."

"అయ్యో, ముందే చెప్పొద్దూ!"

మధ్యాహ్నానికల్లా గోడకి గునపం పడింది. గదిలోకి గాలొచ్చింది. బావమరిది మొహం వెలిగిపోతోంది.

"చూశావా బావా! నీ ఒక్క మాటతో..."

"మీ అక్క ప్రాణం పోతే కదలనివాడు గుడ్డ మీద చుక్కకి కదిలాడు. ఆ చుక్కకి సాక్ష్యం చెప్పింది నేను."

"పిల్ల బతికింది కదా బావా."

"అందుకే చెప్పాను. ఇంక ఈ మాట నా దగ్గర ఎత్తావంటే నీకూ నాకూ చుట్టరికం లేదు. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."