పులుసు దాకలో మరువం

బుల్లియ్య పెళ్లాం లోవమ్మ పెంచిన మరువం మొక్కను కోడలు చంపేస్తోంది. ఇందులో వాదనకేమీ లేదు. లోవమ్మ బతికున్నన్నాళ్లూ కిటికీ గూట్లో గుబురుగా నిలబడ్డ మొక్క, వంటపని కోడలు అప్పాయమ్మ చేతికి వచ్చిన దగ్గర్నుంచీ తల వేలాడేసింది. ఆకులు మెత్తబడి కిందికి వాలాయి. అంచులు మాడాయి. చెయ్యి మారాక చెడింది కాబట్టి తప్పు ఆ చేతిదే. బుల్లియ్య అలా తేల్చేశాడు. ఒకసారి తేల్చినదాన్ని తిరగదోడే అలవాటు అతనికి లేదు.

ఆ మొక్కను లోవమ్మ తుని దగ్గర పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకుంది. పెరట్లో నాటితే సముద్రం మీది ఉప్పుగాలికి మాడిపోయింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ మాడింది. ఆఖరికి అడుగు పగిలిన పులుసు దాకలో మట్టి నింపి, మొక్కను అందులో పెట్టి, ఇంట్లో గాలి సూటిగా తగలని కిటికీ గూట్లో ఉంచింది.

"ఇంట్లో మొక్కేంటే, పిచ్చిదానా!" అని బుల్లియ్య నవ్వాడు.

మొక్క బతికింది. చేపలు కడిగిన నీళ్లు లోవమ్మ దానికే పోసేది. తలంటుకున్న రోజున ఒక రెమ్మ తుంచి కొప్పులో పెట్టుకునేది. కిందటి కార్తీకంలో జ్వరం తగిలి మనిషి పోయింది. మొక్క మిగిలింది. బుల్లియ్యకు మిగిలింది కూడా అంతే.

ఇప్పుడు అదీ పోయేలా ఉంది.

"నీళ్లు పోశావా?" అని అడిగాడు, మొక్క ముందు నిలబడి.

"పోశానండి," అంది అప్పాయమ్మ.

"ఏం నీళ్లు?"

"మీరు చెప్పిన నీళ్లేనండి. చేప కడిగినవి. కానీ మావయ్యా, అవి..."

"కానీ లేదు, గీనీ లేదు. మీ అత్త పోస్తే నిలబడ్డ మొక్క నువ్వు పోస్తే ఎందుకు పడుకుంది?"

ఆ పిల్ల ఈ ఇంట్లో చాలాసార్లు "కానీ" అంది. ఒక్క దాన్నీ బుల్లియ్య చివరిదాకా రానివ్వలేదు.

"చూడమ్మాయ్. ఈ మొక్క చచ్చిందంటే నీ బట్టలు మూటగట్టుకుని మీ అమ్మ దగ్గరికి పో. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు. అమ్మిరాజుకి నేను చెప్పుకుంటాను."

అమ్మిరాజు అతని కొడుకు. ధాన్యం పడవ మీద కాలువ వెంట నిడదవోలు వెళ్లాడు. రైలు వచ్చాక పడవలకి బేరాలు తగ్గి, దొరికిన సరుకు కోసం రోజుల తరబడి రేవులో పడిగాపులు కాస్తున్నాడు. వాడు వచ్చేలోపు ఏదో ఒకటి తేలిపోతుందని అప్పాయమ్మకూ తెలుసు. బట్టలు మూటగట్టి మూలన పెట్టుకుంది. మామగారి మీద కోపంతో కాదు, ఆయన మాట మీద నమ్మకంతో.

పక్కింట్లోంచి బుల్లియ్య అక్క అచ్చాయమ్మ వచ్చింది. పొడుం డబ్బీ లేకుండా ఆవిడ ఎక్కడికీ కదలదు.

"దిష్టిరా బుల్లీ. ఈ మొక్కని చూసి ఏడవని ఆడది మన పేటలో ఉందా?"

ఎండుమిరపకాయలు మొక్క చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా పొగ కమ్మింది. బుల్లియ్య కళ్లు ఎర్రబడ్డాయి. అప్పాయమ్మ దగ్గుతూ పెరట్లోకి పరిగెత్తింది.

"ఘాటే లేదు, చూశావా! దిష్టి కాకపోతే మరేంటి?" అంది అచ్చాయమ్మ.

"మేం చస్తుంటే ఘాటు లేదంటావేంటే! ముక్కు నిండా పొడుం కూరుకుంటే నీకెక్కడ తెలుస్తుంది?"

"సరే, దిష్టి కాదనుకో. అయితే అంటు. నీ కోడలు బయటున్న రోజుల్లో ముట్టుకుని ఉంటుంది."

గుమ్మంలోంచి అప్పాయమ్మ అంది: "పెద్దత్తా, ఆ రోజుల్లో నేను మీ అరుగు మీదే కదండీ ఉంటాను. ఈ ఇంట్లో వండేదీ, మొక్కకి పోసేదీ మీరే కదండీ."

అచ్చాయమ్మ ఇంకో పట్టు పొడుం పీల్చి, పొయ్యి మీద ఏదో మాడుతోందని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

సాయంత్రం మిషను బడి పంతులు లాజరు ఆ దారినే పోతూ తొంగిచూశాడు.

"వెలుతురు చాలదు బుల్లియ్యా. మొక్క ఇంట్లో ఎలా బతుకుతుంది? బయట పెట్టు."

"ఇన్నేళ్లు బతికింది కదండీ, పంతులుగారూ."

"ఇన్నేళ్లూ ఓర్చుకుంది."

బుల్లియ్యకు ఆ మాట నచ్చలేదు. అయినా మర్నాడు దాకను అరుగు మీద పెట్టాడు. సముద్రపు గాలి ఆకుల్ని ఇంకాస్త నలిపింది. మధ్యాహ్నానికే లోపలికి తెచ్చేసి, బడివైపు చూసి తిట్టవలసినవన్నీ తిట్టాడు. మంచి చెప్పడానికి ఊళ్లో అందరూ ఉన్నారు. వాళ్లు చెప్పినట్టు చేస్తే చచ్చేది తన మొక్క.

ఒకరోజు పొద్దున ఎవరూ ముట్టుకోకుండానే రెండు ఆకులు రాలాయి. బుల్లియ్య దాకను చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచాడు. వేరు కుళ్లిందేమో తవ్వి చూద్దామనుకున్నాడు. వెలుతురులో చూస్తే దాక అంచు చుట్టూ, మట్టి మీదా తెల్లటి పొర కనిపించింది.

"సున్నం పోశావా దీనికి?" అని అరిచాడు.

"లేదండి," అంది అప్పాయమ్మ లోపల్నుంచి.

గోటితో గీరి నాలుక మీద పెట్టుకున్నాడు. సున్నం కాదు. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం మీద బతికిన మనిషికి అదేంటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఉప్పు! నా మొక్కకి ఉప్పు పోసిందెవరు?"

అప్పాయమ్మ బయటికి వచ్చింది. చేతిలో మట్టిమూకుడు ఉంది. అందులో నానుతున్న ఉప్పుచేప ముక్కలున్నాయి.

"పోసింది నేనేనండి. పొయ్యమన్నది మీరండి."

"చేప నీళ్లు పొయ్యమన్నాను. ఉప్పు పొయ్యమన్నానా?"

"ఈ ఇంట్లో చేపంటే ఇదే కదండీ. అత్తయ్య పోయాక పచ్చిచేప గుమ్మం దాటకూడదన్నారు. ఆవిడ చేతి పులుసు తిన్న నోటితో ఇంకొకరి పులుసు తిననన్నారు. అప్పట్నుంచీ ఉప్పుచేపే వండుతున్నాను. పెద్దత్త వండినా ఇదేనండి. నానేసి కడిగితే వచ్చే నీళ్లు ఇవి. మానితే ఊరుకోనన్నారు. కానీ ఇవి ఉప్పు నీళ్లండీ అని చెప్పబోతే..."

ఈసారి ఆ "కానీ" చివరిదాకా వచ్చింది. ఉప్పుగాలి తగలకూడదని లోవమ్మ ఇంట్లో దాచిన మొక్కకు, బుల్లియ్యే దగ్గరుండి సముద్రాన్ని పోయించాడు.

కోడలి ముఖం చూడలేదు. నూతి దగ్గరికి పోయి తోడిన నీళ్లు తోడినట్టే దాకలో కుమ్మరించాడు. అడుగు పగులులోంచి కారే బురద నీటిని వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. ఉమ్మేశాడు. మళ్లీ తోడాడు. నీళ్లు చప్పగా తగిలేదాకా ఆగలేదు. తర్వాత దాకను కిటికీ గూట్లో పెట్టి, చూరులోంచి విసురువల తీసుకుని ఏటివైపు వెళ్లాడు. లోవమ్మ పోయాక ఆ వల తడవడం అదే మొదలు.

పొద్దు వాలేవేళ వచ్చి తుండుగుడ్డ మూటను కోడలి ముందు పడేశాడు. లోపల కొయ్యింగ చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి.

"మూట విప్పు."

అప్పాయమ్మ కిందికి చూసింది. మూలన ఉన్న తన బట్టల మూట వైపు చూసింది.

"ఏ మూటండి?"

"రెండూను."

"పులుసు పెట్టనా అండి?"

"పెట్టుకో. నువ్వు తిను. నాకు మజ్జిగ చాలు. మొక్కకి నీళ్లు కావాలి, అంతే."

నాలుగు పూటలు గడిచాక మాడిన కొమ్మలు మాడినట్టే ఉన్నాయి గానీ, మొదలు దగ్గర రెండు రెమ్మలు తలెత్తాయి. అచ్చాయమ్మ వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"బతికిందిరోయ్! మిరపకాయలు తిప్పానా లేదా? దిష్టి కాకపోతే మరెందుకు వాలిందో చెప్పు."

పొయ్యి దగ్గర అప్పాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బుల్లియ్య అటు చూడలేదు.

"వాలింది. లేచింది. ఆ మాట మళ్లీ నన్నడక్కు. నువ్వడిగినా, అమ్మిరాజు వచ్చి అడిగినా, నేను చచ్చేదాకా దాని ఊసెత్తను."