మళ్ల మోస్తరక్కా

పత్తి ఎగురుతున్న సందులో సరోజన నడుస్తోంది, అది పాతబజారు సందే కాని ఇళ్లకు తలుపులు లేవు, ఒక మలుపు తిరిగితే ఆసుపత్రి వరండా అవుతోంది, ఇంకో మలుపు తిరిగితే మళ్లీ బజారు, ఆ వరండా చివర బల్లమీద తమ్ముడు నాగేందర్ ముడుచుకుని కూర్చున్నాడు. వాడు పోయి రెండేళ్లయిందని ఆమెకు తెలుసు, ఆ మాట పైకి అంటే లేచి వెళ్లిపోతాడేమోనని, అన్నం తిన్నావా అని మాత్రం అడుగుతుంది.

తినలేదంటాడు. నోరంతా పొగేనంటాడు. ఎన్నికల ముందు ఊరేగింపు మీద ఎవరో రాయి వేశారని పుకారు లేచింది, మైకులో పెద్దమనిషి దేవుడి పేరెత్తి మీ నెత్తురు ఉడకడం లేదా అని అడిగాడు, తాను వెళ్లి జహంగీర్ పరుపుల దుకాణానికి నిప్పు పెట్టాడు, పత్తి భగ్గున అంటుకుని తననూ లోపలికి లాక్కుంది. ఇదంతా వేరెవరికో జరిగినట్టు చెబుతాడు.

"లోపట ఎవ్వరు లేరన్నరక్కా. ఉన్నరా?"

జహంగీర్ చాచా లోపలే ఉన్నాడు. నాగేందర్ పుట్టినప్పుడు ఉయ్యాలలోకి చిన్న పరుపు కుట్టి తెచ్చింది ఆయనే. చెబుదామంటే సరోజన నోట్లో పత్తి నిండుతోంది, పీకేకొద్దీ వస్తోంది. వాడు ఆమె ముఖం చూసే తెలుసుకుంటాడు.

"దేవుని పని అన్నరు. ఆ మంటల దేవుని కోసం చూసిన. దగ్గు ఒక్కటే వినబడ్డది."

అప్పుడు డప్పులు మొదలవుతాయి. చూస్తుండగానే గోడలన్నీ ఫ్లెక్సీలవుతాయి, ప్రతిదాని మీదా దండ వేసిన నాగేందర్ ముఖం, కింద ధర్మవీరుడని అక్షరాలు, వాడు బతికుండగా ఎన్నడూ నవ్వని నవ్వు. వాడు ఆమె వెనక్కి చేరి కొంగు పట్టుకుంటాడు.

"ఓట్లొస్తే నన్ను మళ్ల మోస్తరక్కా. యాడనన్న దాసిపెట్టు."

ఆమె కొంగు కప్పబోతుంది, కప్పేకొద్దీ అది కురచవుతోంది, డప్పులు మలుపు దాకా వస్తాయి, తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు, గుంపు జై కొడుతున్న పేరు తమ్ముడిది కాదు. కొడుకుది.

"అభిలాష్" అని అరుస్తూ లేస్తుంది. మధ్యాహ్నపు ఎండ గుమ్మంలో ఉంది. కొడుకు పక్కన కూర్చుని ఆమె భుజం తడుతున్నాడు. ఏమైందని అడగడు, రేపటి ఊరేగింపులో ముందు పెట్టడానికి మామ ఫోటో కావాలన్నారని చెబుతాడు. ఆమె భుజం మీది ఆ చెయ్యి అందుకుని ముఖం దగ్గరకు తెచ్చుకుంటుంది. పెట్రోలు వాసన.

ఇదేమిటని అడిగితే అభిలాష్ గోడవైపు చూస్తాడు.

"బండికి కొట్టిచ్చిన."

వాళ్లింట్లో బండి లేదు. సరోజన ఆ చెయ్యి వదలదు.